మొదటి ఆర్‌సీ విమానం: ఫోమ్‌బోర్డ్ ట్రైనర్ ప్రాజెక్టు డైరీ, గ్రాముల పద్దుతో సహా

రేడియో కంట్రోల్ విమానం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఈ డైరీ. ఇవే కొలతలతో కట్టుకోవచ్చు, వేరే ప్లాన్ తీసుకుని పద్ధతి మాత్రం ఇక్కడిది వాడుకోవచ్చు. ప్రతి దశ చివరా బరువు పద్దు ఉంటుంది. అది అలంకారానికి కాదు. కింద రాసిన రిపేర్లలో చాలావాటికి మూలం ఆ పద్దులోనే దొరికింది, విమానం ఇంకా బల్ల మీద ఉండగానే.

ఒక మాట ముందే. చాలా దేశాల్లో 250 గ్రాములు దాటిన మోడల్‌కు వేరే నిబంధనలు ఉన్నాయి. ఇది దాటుతుంది. మీ దగ్గరి నియమాలు చూసుకున్నాకే బ్లేడు తీయండి.

దశ 1: ఏం కడుతున్నాం

రెక్క బాడీ పైన ఉండే హై వింగ్ ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం. మూడే కంట్రోళ్లు: మోటర్, ఎలివేటర్ (అడ్డ తోక వెనక కదిలే పలక, ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది), రడ్డర్ (నిలువు తోక వెనక పలక, ముక్కును పక్కకు తిప్పుతుంది). ఐలెరాన్‌లు (రెక్క వెనక అంచున ఉండి విమానాన్ని ఒరిగించే పలకలు) లేవు.

- రెక్క: కొస నుంచి కొసకు 1200 మి.మీ., వెడల్పు 200 మి.మీ., వైశాల్యం 24 చదరపు డెసిమీటర్లు
- బాడీ పొడవు: 820 మి.మీ.
- అడ్డ తోక: 420 × 110 మి.మీ.
- సీజీ (విమానం సమతూకంగా నిలిచే చోటు) గీత నుంచి తోక మధ్యకు: 560 మి.మీ.
- సీజీ లక్ష్యం: రెక్క ముందు అంచు నుంచి 55 మి.మీ. వెనక్కి, అంటే వెడల్పులో 27.5 శాతం

తోక సరిపోతుందా లేదా అన్నది ఊహకు వదలక్కర్లేదు. తోక వైశాల్యాన్ని 560తో హెచ్చవేసి, వచ్చినదాన్ని రెక్క వైశాల్యం, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే 0.54 వచ్చింది. ట్రైనర్‌కు 0.5 నుంచి 0.6 మధ్య ఉంటే చాలు. ఏదైనా ప్లాన్‌లో ఈ అంకె 0.4 కంటే తగ్గితే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా మొదటి విమానంగా దాన్ని ఎంచుకోవద్దు.

ఐలెరాన్‌లు ఎందుకు వద్దన్నానంటే, రెక్కలు రెండూ కొంచెం పైకి వంగి ఉంటే (దీన్నే డైహెడ్రల్ అంటాం) రడ్డర్ తిప్పగానే విమానం తనే ఒరుగుతుంది, స్టిక్ వదిలేస్తే చాలావరకు తనే సర్దుకుంటుంది. "తర్వాత నాలుగు ఛానళ్లకు మారినప్పుడు వేళ్లకు మళ్లీ నేర్పాలి కదా" అనేవాళ్లు ఉన్నారు. దానికి తేలికైన విరుగుడు ఉంది. రడ్డర్ సర్వోను (రడ్డర్‌ను కదిపే చిన్న మోటర్‌ను) రిసీవర్‌లో రడ్డర్ ఛానల్‌కు కాకుండా ఐలెరాన్ ఛానల్‌కు గుచ్చండి. మోడ్ 2 ట్రాన్స్‌మిటర్‌లో (థ్రాటిల్ ఎడమ స్టిక్‌లో ఉండే రకం) అది కుడి స్టిక్‌కు వస్తుంది. రేపు ఐలెరాన్‌లు వచ్చినా ఒరగడానికి వాడేది అదే బొటనవేలు.

పనిముట్లు: విరిచే బ్లేడ్ల కత్తి, స్టీలు స్కేలు, గ్లూ గన్, 1 గ్రాము వరకు చూపే వంటింటి తూకం, మల్టీమీటర్, వాట్‌మీటర్, సామాను తూచే కొక్కెం తూకం, లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) సెల్ చెకర్. వాట్‌మీటర్ లేకుండా మొదలుపెట్టొచ్చని చాలామంది చెబుతారు. నేనైతే ఇంకేదైనా తగ్గించుకుంటాను గానీ దాన్ని కాదు. కారణం దశ 4లో ఉంది.

దశ 2: రెక్క

కాగితం అంటించిన 5 మి.మీ. ఫోమ్‌బోర్డ్ వాడాను. కత్తిరించే ముందు షీటు మొత్తాన్ని తూచి చదరపు మీటరుకు ఎంతో లెక్క కట్టాను: 420 గ్రాములు. ఒకే మందం ఉన్న రెండు రకాల బోర్డుల మధ్య ఇందులో పెద్ద తేడా ఉంటుంది. 600 దాటిందా, అది ఫొటోలు అతికించుకోవడానికి పనికొస్తుంది, రెక్కకు కాదు.

1. పై చర్మం పూర్తి వెడల్పుకు, కింది చర్మం ముందు సగానికి మాత్రమే కోయాలి. వెనక సగానికి కింద చర్మం అక్కర్లేదు, అక్కడే సుమారు 50 గ్రాములు మిగులుతాయి.
2. పై చర్మం లోపలి కాగితంపై ముందు మూడో వంతులో 15 మి.మీ. ఎడంగా నిలువు గీతలు పెట్టి, బల్ల అంచు మీద మెల్లగా వంచాలి.
3. మధ్యలో రెండు ఫోమ్‌బోర్డ్ పట్టీల స్పార్ (రెక్కకు వెన్నెముక) నిలబెట్టి, దాని మీదుగా చర్మాన్ని మడిచి గ్లూ పెట్టాలి.
4. రెండు సగాలనూ కలిపేటప్పుడు ఒకదాన్ని బల్ల మీద బోర్లా కాకుండా చదునుగా అదిమిపెట్టి, రెండోదాని కొసను ఎత్తి నిలపాలి.

అడుగు చదునుగా ఉండే క్లార్క్ వై ఆకారం 1922 నాటిది. దీన్ని బల్ల మీద పెట్టి కట్టుకోవచ్చు కాబట్టే మోడళ్లు కట్టేవాళ్లు ఇప్పటికీ దాన్ని వదల్లేదు. ఫోమ్‌బోర్డ్‌తో అచ్చంగా ఆ ఆకారం రాదు. రాకపోయినా ఈ వేగాలకు ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా మెలికతోనే. గ్లూ ఆరాక రెక్కను చదునైన బల్ల మీద పెట్టి చూస్తే, ఎడమ కొసలో వెనక అంచు కుడిదానికంటే 4 మి.మీ. పైకి లేచి ఉంది. 200 మి.మీ. వెడల్పుకు 4 మి.మీ. అంటే 1 డిగ్రీ పైమాటే. కంటికి ఆనదు, గాల్లో మాత్రం ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. ట్రిమ్‌తో (ట్రాన్స్‌మిటర్‌లో తటస్థ స్థానాన్ని కాస్త జరిపే మీటతో) సరిదిద్దినా ఒక వేగం దగ్గరే సరిపోతుంది, నెమ్మదించగానే మళ్లీ లాగుడు మొదలు. కింది అతుకును కోసి, రెక్క మీద బరువైన పుస్తకాలు పరిచి, కొత్త గ్లూతో మూశాను. ఇప్పుడు తేడా 1 మి.మీ. లోపే.

డైహెడ్రల్ ఒక్కో పక్క 3 డిగ్రీలు పెట్టాను. ఒక సగం చదునుగా ఉంటే రెండో కొస 63 మి.మీ. ఎత్తు. ఈ అంకె గుర్తుంచుకోండి, దశ 7లో మారుతుంది.

*పద్దు: రెక్క 186 గ్రా. మొత్తం 186.*

దశ 3: బాడీ, తోక

బాడీ నలుచదరపు గొట్టం. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రెక్క కూర్చునే చోట, ముక్కులో లోపలివైపు రెండో పొర వేశాను. ముందు మోటర్ బిగించడానికి 60 × 60 మి.మీ., 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క, అదే ఫైర్‌వాల్. రెక్కను రబ్బరు బ్యాండ్లతో కడతాం. నేలను గుద్దుకున్నప్పుడు బ్యాండ్లు తెగి రెక్క జారిపోవాలి. స్క్రూలతో బిగిస్తే బాడీయే చీలుతుంది.

రెక్క కోణం: ముందు అంచు వెనక అంచుకంటే 7 మి.మీ. ఎత్తులో కూర్చునేలా సీటు కోశాను. 200 వెడల్పుకు అది 2 డిగ్రీలు. తోక సున్నా డిగ్రీలు. రెక్కకూ తోకకూ మధ్య ఈ కోణం తేడాయే విమానానికి ఎగుడుదిగుళ్లలో నిలకడ ఇస్తుంది. 1871లో పారిస్‌లో అల్ఫోన్స్ పెనో ఎగరేసిన రబ్బరు మోటర్ మోడల్‌లోనూ తోకను రెక్కకంటే తక్కువ కోణంలోనే పెట్టాడు. రేడియో లేదు, పైలట్ లేడు, అయినా తిన్నగా వెళ్లింది.

తోక అదే బోర్డుతో చేశాను: అడ్డ తోక, నిలువు తోక, హార్న్‌లు (సర్వో నుంచి వచ్చే తీగ తగిలించే చిన్న కొమ్ములు), గ్లూ కలిపి 34 గ్రాములు. అప్పుడు అది తేలికగానే అనిపించింది.

గ్లూ గురించి ఒక లెక్క. 11 మి.మీ. లావు, 200 మి.మీ. పొడవు ఉన్న కడ్డీ ఒకటి 18 గ్రాముల దాకా తూగుతుంది. పని మొదలయ్యే ముందు, ముగిశాక కడ్డీలను తూచి చూడండి. బాడీలో ఎంత గ్లూ దాక్కుందో తెలుస్తుంది.

*పద్దు: బాడీ 116, తోక 34. మొత్తం 336.*

దశ 4: మోటర్, బ్యాటరీ, వాట్‌మీటర్

2212 సైజు 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) బ్రష్‌లెస్ మోటర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), మూడు సెల్‌ల 2200 ఎంఏహెచ్ లైపో. సర్వోలు 9 గ్రాముల రకం రెండు.

1. ప్రాప్ (ప్రొపెల్లర్) లేకుండా మోటర్ తిప్పి దిశ చూడాలి. తిరగాల్సిన దిశకు ఎదురు తిరిగితే మోటర్‌కూ ఈఎస్‌సీకీ మధ్య ఉన్న మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు.
2. ప్రాప్ మీద అంకెలున్న వైపు ముందుకు ఉండాలి. వెనక్కి బిగించినా గాలి వెనక్కే వస్తుంది, లాగుడు మాత్రం బాగా పడిపోతుంది. తిరగేసి బిగించామని గమనించకపోతే కారణం అంతు చిక్కదు.
3. బాడీని బల్లకు కట్టి, బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వాట్‌మీటర్ పెట్టి, ఫుల్ థ్రాటిల్.

మొదట 10×4.5 ప్రాప్ (అంగుళాల్లో: వ్యాసం × ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం). మీటర్ 15.4 ఆంపియర్లు, 10.9 వోల్టులు చూపింది, అంటే 168 వాట్లు. లాగుడు బ్రహ్మాండం. అయితే ఈ రకం మోటర్లకు తయారీదారులు రాసే పరిమితి 12 ఆంపియర్ల దగ్గర, అదీ ఒక నిమిషానికే. అరనిమిషం దాటాక మోటర్‌ను వేలితో ముట్టుకోలేకపోయాను. ఆ వేడి మౌంట్ గుండా ప్లైవుడ్‌కు పాకింది. ఫైర్‌వాల్‌ను గ్లూ గన్‌తోనే అతికించాను కాబట్టి అది మెత్తబడి, మోటర్ ఒక పక్కకు వంగింది. గాల్లో జరిగి ఉంటే కారణం ఎప్పటికీ తెలిసేది కాదు. ఏదో గాలివాటు అనుకునేవాళ్లం.

మార్పులు రెండు. ఫైర్‌వాల్ పీకేసి 30 నిమిషాల ఎపాక్సీతో అతికించి, పక్కల నుంచి నాలుగు వెదురు పుల్లలు గుచ్చాను. బరువు తేడా 1 గ్రాము లోపే. ప్రాప్‌ను 9×4.7కు మార్చాను: 11.2 ఆంపియర్లు, 11.2 వోల్టులు, 125 వాట్లు. తోకకు కొక్కెం తూకం కట్టి చూస్తే 620 గ్రాముల లాగుడు. కిలోకు 150 వాట్లు ఉంటే ఇలాంటి ట్రైనర్ హాయిగా పైకెక్కుతుంది. మనకు అంతకంటే ఎక్కువే ఉంది.

*పద్దు: మోటర్, మౌంట్ 62, ప్రాప్ 9, ఈఎస్‌సీ 27, రిసీవర్ 10, సర్వోలు 20, సర్వో కదలికను తోకకు చేర్చే పుష్‌రాడ్ తీగలు 11, చక్రాలు 45, రెక్క కట్టే పుల్లలు, బ్యాండ్లు 8, బ్యాటరీ 185. మొత్తం 713.*

దశ 5: సీజీ

డైరీలో ఎక్కువ పేజీలు పట్టింది ఇదే.

రెక్క అడుగున ముందు అంచు నుంచి 55 మి.మీ. దగ్గర రెండు పక్కలా గీత గీసి, ఆ గీతల కింద రెండు పెన్సిళ్ల రబ్బరు కొనలు ఆనించి విమానాన్ని నిలబెట్టాను. బ్యాటరీ సహా అన్నీ లోపలే. తోక ధబీమని కిందికి పడింది. ఆనించిన చోటు వెనక్కి జరుపుకుంటూ పోతే 70 మి.మీ. దగ్గర నిలిచింది. అంటే 35 శాతం. చెయ్యి తిరిగినవాళ్లు దాన్నీ ఎగరేస్తారేమో. కొత్తవాళ్ల చేతిలో మాత్రం ఎలివేటర్ వెంట్రుకవాసి కదిలినా ముక్కు ఎగిసిపడుతుంది.

ముక్కులో సీసం కూరడం అందరూ చెప్పే వైద్యం. ఎంత కావాలో లెక్క వేశాను. 713 గ్రాముల విమానం 14.6 మి.మీ. వెనకబడి ఉంది (తీగతో సరిచూశాక వచ్చిన అంకె), అంటే సుమారు 10,400 గ్రాము-మిల్లీమీటర్లు. సీసం పెట్టగల చోటు సీజీకి 195 మి.మీ. ముందు. భాగిస్తే 53 గ్రాములు. బ్యాటరీ బరువులో నాలుగో వంతుకు పైగా, ఏ పనీ చేయని లోహం.

అదే లెక్కను తోక వైపు నుంచి చూడండి. తోక సీజీకి 560 మి.మీ. వెనక ఉంది. అక్కడ ఒక్క గ్రాము తగ్గిస్తే ముక్కులో దాదాపు 3 గ్రాములు పెట్టినట్టే. కాబట్టి సీసం పక్కన పెట్టి తోకను పట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం బోర్డుకు ఒక వైపు కాగితం ఒలిచేయడం. 8 గ్రాములు తగ్గాయి. తెల్లారేసరికి తోక అరటి దొప్పలా వంకర తిరిగింది. కాగితం గాలిలోని తేమకు సాగుతుంది, ముడుచుకుంటుంది. రెండు వైపులా ఉంటే ఆ లాగుళ్లు ఒకదానికొకటి సరిపోతాయి, ఒక వైపే ఉంటే అది గెలుస్తుంది. ఇంకో వైపు కూడా ఒలిస్తే ఫోమ్ చేతిలోనే విరిగేంత మెత్తన.

రెండోది నిలిచింది. కాగితం లేని 3 మి.మీ. గట్టి ఫోమ్‌తో తోక మళ్లీ కోసి, ముందు అంచుకు సన్నటి వెదురు పుల్లలు అతికించి, హింజ్‌లకు టేపు వాడాను. కొత్త తోక అన్నీ కలిపి 20 గ్రాములు. 14 గ్రాములు × 560 = 7,840. ఇంకా 2,560 మిగిలింది. 185 గ్రాముల బ్యాటరీని 14 మి.మీ. ముందుకు జరిపితే 2,590. లెక్క సరిపోయింది. బ్యాటరీ గూడు ముందు గోడను కోసి ఆ మేరకు పొడిగించాను.

మళ్లీ పెన్సిళ్ల మీద పెడితే 55 దగ్గర ముక్కు రవ్వంత కిందికి వాలి నిలిచింది. సీసం సున్నా.

బ్యాటరీ ఎక్కడ ఉండాలో గూడు అడుగున పెన్నుతో గీత గీయండి. వెల్‌క్రో ఒక్కటే చాలదు, పైనుంచి పట్టీ కూడా బిగించాలి. గాల్లో బ్యాటరీ వెనక్కి జారిందంటే ఈ లెక్కంతా నీళ్లపాలు.

*పద్దు: తోక −14. మొత్తం 699. చదరపు డెసిమీటరుకు 29.1 గ్రా.*

దశ 6: కంట్రోళ్లు, ఫెయిల్‌సేఫ్

పుష్‌రాడ్‌లకు 1.2 మి.మీ. స్టీలు తీగ వాడాను. ఎలివేటర్‌ను లాగేటప్పుడు బాగుంది, నెట్టేటప్పుడు తీగ మధ్యలో విల్లులా వంగింది. వేలితో ఎలివేటర్‌ను ఆపి స్టిక్ తోస్తే సర్వో తిరుగుతోంది, ఎలివేటర్ కదలట్లేదు. వేగంలో గాలి చేసేది ఆ వేలి పనే. బాడీ లోపల రెండు చోట్ల సన్నని ప్లాస్టిక్ గొట్టం ముక్కలు అతికించి తీగను వాటిగుండా పోనిచ్చాను. 2 గ్రాములు పెరిగింది, వంపు పోయింది.

కదలిక కొలతలు, వెనక అంచు దగ్గర స్కేలు పెట్టి:

- ఎలివేటర్: మొదట ±18 మి.మీ. వచ్చింది, ±10కి తగ్గించాను
- రడ్డర్: ±20 మి.మీ.
- ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర కదలికను మెత్తబరిచే సెట్టింగ్): రెండింటికీ 30 శాతం

తగ్గించడం ట్రాన్స్‌మిటర్ మెనూలో కాదు. పుష్‌రాడ్‌ను సర్వో చేతిలో లోపలి రంధ్రానికీ, హార్న్‌లో పై రంధ్రానికీ మార్చాలి. మెనూలో తగ్గిస్తే సర్వో తన కదలికలో కొంతే వాడుకుంటుంది. సర్వో గేర్లలోని వదులు మాత్రం అంతే ఉంటుంది, దాంతో తటస్థ స్థానం ప్రతిసారీ కాస్త అటూ ఇటూగా వస్తుంది.

ఎక్స్‌పో గుర్తు అన్ని రేడియోల్లో ఒకలా ఉండదు. కొన్నిటిలో మెత్తబరచడానికి ప్లస్, కొన్నిటిలో మైనస్. సగం స్టిక్ తోసినప్పుడు ఎలివేటర్ సగం కంటే తక్కువ కదిలితే సరైన వైపు ఉన్నట్టు.

ప్రాప్ విప్పేసి చేయాల్సిన పరీక్షలు:

1. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, విమానం తర్వాత. ఆపేటప్పుడు విమానం ముందు.
2. స్టిక్ మనవైపు లాగితే ఎలివేటర్ పైకి. కుడికి తోస్తే, వెనకనుంచి చూసినప్పుడు రడ్డర్ కుడికి.
3. మోటర్ సగం వేగంలో తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. మోటర్ ఆగాలి.
4. రేంజ్ టెస్ట్ మోడ్‌లో 30 అడుగులు వేసి దూరం వెళ్లాక కూడా కంట్రోళ్లు తడబడకూడదు.

మూడోది తప్పింది. సిగ్నల్ పోయినా మోటర్ అదే వేగంలో తిరుగుతూనే ఉంది, రిసీవర్ చివరి ఆజ్ఞను పట్టుకుని కూర్చుంది. థ్రాటిల్ కిందికి పెట్టి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలన్న సెట్టింగ్) మళ్లీ సెట్ చేశాక ఒక్క సెకనులో ఆగింది. రిసీవర్ మార్చిన ప్రతిసారీ, మళ్లీ బైండ్ చేసిన (ట్రాన్స్‌మిటర్‌తో జతపరిచిన) ప్రతిసారీ ఇది చూడాలి.

*పద్దు: గొట్టాలు +2. మొత్తం 701.*

దశ 7: గాల్లోకి

మొదట మోటర్ లేకుండా విసురు. మోకాలెత్తు గడ్డి, ఎదురుగాలి చాలా తక్కువ. భుజం ఎత్తు నుంచి నేల వైపు కొద్దిగా వాలుగా, తిన్నగా విసరాలి, పైకి కాదు. సుమారు 1.8 మీటర్ల ఎత్తు నుంచి 11 మీటర్లు పోయింది. ఆరుకు ఒకటి. లాండింగ్‌కు ఈ అంకె పనికొస్తుంది: 10 మీటర్ల ఎత్తులో మోటర్ ఆపితే గాలి లేనప్పుడు 60 మీటర్ల స్థలం కావాలి.

చక్రాలు గడ్డిలో చిక్కుకుని ప్రతిసారీ ముక్కు మీద పల్టీ కొట్టించాయి. రన్‌వే లేనప్పుడు చక్రాలు ఎందుకు? తీసేశాను. 45 గ్రాములు పోయాయి గానీ అవి సీజీకి 60 మి.మీ. ముందు ఉండేవి. బ్యాటరీ ఇంకో 15 మి.మీ. ముందుకు.

మోటర్‌తో మొదటి లాంచ్‌లో రెండు జబ్బులు బయటపడ్డాయి. థ్రాటిల్ పెంచగానే ముక్కు లేవడం, ఎడమకు తిరగడం. ట్రిమ్‌తో అణచొచ్చు గానీ థ్రాటిల్ తగ్గించగానే అదే ట్రిమ్ విమానాన్ని కిందికి తోస్తుంది. మందు మోటర్ కోణంలో ఉంది. ఫైర్‌వాల్‌కూ మౌంట్‌కూ మధ్య, పై స్క్రూల దగ్గర 0.5 మి.మీ. వాషర్లు రెండేసి. రంధ్రాల మధ్య దూరం 32 మి.మీ. కాబట్టి సుమారు 2 డిగ్రీలు కిందికి. ఎడమ స్క్రూల దగ్గర కూడా రెండేసి, దాంతో 2 డిగ్రీలు కుడికి. పై ఎడమ మూలకు రెండు లెక్కలూ కలుస్తాయి: అక్కడ నాలుగు, కింది కుడి మూలకు ఏమీ లేదు. ఇప్పుడు థ్రాటిల్ పెంచితే విమానం ఎక్కుతుంది, ఎగిసిపడదు.

మూడో జబ్బు రెక్కది. రడ్డర్ కొడితే ముక్కు పక్కకు తిరుగుతుంది, రెక్క మాత్రం తీరిగ్గా, సెకను పైగా ఆలోచించి ఒరుగుతుంది. ఆలోగా ఇంకా కొడతాం. అది ఒక్కసారిగా ఒరిగి సుడి తిరుగుతూ దిగుతుంది. రడ్డర్ పెంచితే పోతుందనిపించింది గానీ పోలేదు. ఒరిగించేది రడ్డర్ కాదు, డైహెడ్రల్. ఐలెరాన్ లేని విమానానికి 3 డిగ్రీలు చాలవు. రెక్క మధ్యలో కోసి, ఒక కొస 125 మి.మీ. ఎత్తులో పెట్టి మళ్లీ అతికించాను, అంటే ఒక్కో పక్క 6 డిగ్రీలు. లోపల ప్లైవుడ్ బ్రేస్ 6 గ్రాములు. ఈ ఒక్క మార్పుతో విమానం మాట వినడం మొదలుపెట్టింది.

గాలికి ఎదురుగా ఎందుకు విసరాలో ఒక లెక్క. ఈ బరువుకు రెక్క నిలబడలేని వేగం సుమారు గంటకు 24 కి.మీ. ఎదురుగాలి 8 ఉంటే చేతితో ఇవ్వాల్సింది 16కు కాస్త పైన. వెనకగాలిలో అదే 32. చేతికి అంత బలం ఉండదు.

*పద్దు: చక్రాలు −45, బ్రేస్ +6. మొత్తం 662. చదరపు డెసిమీటరుకు 27.6 గ్రా.*

దశ 8: ఎగరడం, విరగడం

సిమ్యులేటర్‌లో గంటలు గడిపినా ఒక చోట వేళ్లు మొరాయిస్తాయి: విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారు. ఆలోచించే వ్యవధి ఉండదు. అప్పుడు ఒకటే పని, ఏ రెక్క కిందికి వాలి కనిపిస్తోందో స్టిక్‌ను అటువైపే తోయాలి. అది లేస్తుంది. సిమ్యులేటర్‌లో కూడా గిరికీలు మానేసి ఇదొక్కటే చేయండి: దూరం వెళ్లడం, తిప్పడం, తిన్నగా మీ మీదికి తీసుకురావడం.

దూరం కూడా మోసం చేస్తుంది. 150 మీటర్ల దగ్గర 1.2 మీటర్ల రెక్క, చాచిన చేతిలోని పెన్సిలు లావు కూడా ఉండదు. వస్తోందో పోతోందో చెప్పలేం. రెక్క అడుగున ఒక పక్కే నల్లటి పట్టీ అతికించాను. 100 మీటర్లు దాటనివ్వకుండా, కనీసం 30 మీటర్ల ఎత్తులో తిప్పుతున్నాను.

ముక్కు మీద దిగినప్పుడు బాడీ ముందుభాగం నలిగింది. మడతలు తీసి, వేడినీటి ఆవిరి పట్టి, గ్లూ, లోపల ఫోమ్ ముక్కలు. రిపేరు బరువు 17 గ్రాములు, అదీ ముక్కులో. తూచి చూస్తే సీజీ 50 దగ్గరికి వచ్చింది, బ్యాటరీని 16 మి.మీ. వెనక్కి జరిపాను. ఇదే 17 గ్రాములు తోకలో చేరి ఉంటే బ్యాటరీకి ముందు అంత చోటే ఉండేది కాదు. రిపేరు తర్వాత విమానం "తేడాగా" ఎగురుతోందంటే మొదట చూడాల్సింది పెన్సిళ్ల మీద.

బ్యాటరీ సంగతి. 10 నిమిషాలు ఎగరేశాక ఛార్జర్ తిరిగి పోసింది 980 ఎంఏహెచ్, సగటున 6 ఆంపియర్ల లోపు. 80 శాతం వరకు వాడొచ్చన్న లెక్కన 18 నిమిషాలు వస్తుంది. నేను టైమర్ 12కే పెట్టాను, రెండో ప్రయత్నం లాండింగ్‌కు కరెంటు మిగలాలి. 1300 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే 75 గ్రాములు తగ్గేది. ఆశపడ్డాను గానీ, సీజీ నిలవాలంటే దాన్ని ఈఎస్‌సీ ఉన్న చోటుకు నెట్టాలి. 2200తోనే ఉన్నాను.

- ఛార్జింగ్ 2.2 ఆంపియర్లకు మించకుండా, బ్యాలెన్స్ తీగ తగిలించి, కాలిపోని నేల మీద, మనం ఎదుటే ఉండగా
- ఎగరేయని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిల్వ
- ఉబ్బిన బ్యాటరీకి రెండో అవకాశం లేదు

*పద్దు: రిపేరు +17. మొత్తం 679. చదరపు డెసిమీటరుకు 28.3 గ్రా.*

దశ 9: ఐలెరాన్ రెక్క (పని నడుస్తోంది)

బాడీ అదే, రెండో రెక్క కొత్తది. డైహెడ్రల్ ఒక్కో పక్క 2 డిగ్రీలే, కొస 42 మి.మీ. ఎత్తు. ఐలెరాన్‌లు ఒక్కోటి 300 × 45 మి.మీ., రెండూ కలిపి రెక్కలో 11 శాతం. మెలిక ఈసారి గ్లూ ఆరకముందే కొలిచాను, తేడా 1 మి.మీ. రడ్డర్ ప్లగ్‌ను దాని అసలు ఛానల్‌కు మార్చాను.

సర్వోలు రెండింటికీ వై కేబుల్ (ఒక ఛానల్‌ను రెండు సర్వోలకు పంచే తీగ) వేయలేదు, వేర్వేరు ఛానళ్లు ఇచ్చాను. పైకి 10 మి.మీ., కిందికి 6 మి.మీ. కదలాలి. కిందికి దిగే ఐలెరాన్ ఎక్కువ గాలి నిరోధం తెచ్చి ముక్కును ఎదురు వైపు లాగుతుంది, అందుకే ఈ తేడా. మొదటి పరీక్షలో స్టిక్ కుడికి తోస్తే రెండూ కలిసి పైకి లేచాయి, సర్వోలు రెండింటినీ ఒకే ముఖంగా బిగించినందుకు. ఒక ఛానల్ రివర్స్ చేశాక కుడిది పైకి, ఎడమది కిందికి.

*పద్దు: పాత రెక్క, బ్రేస్ 192, కొత్త రెక్క, సర్వోలు, తీగలు 216. మొత్తం 703.* పెరిగిన 24 గ్రాములు సీజీ గీతకు సుమారు 40 మి.మీ. వెనక ఉన్నాయి. లెక్క ప్రకారం బ్యాటరీ 5 మి.మీ. ముందుకు వెళ్లాలి. పెన్సిళ్ల మీద ఇంకా పెట్టలేదు.